ఒకటో తారీకు వేలిముద్ర

రణస్థలం,
9 ఫిబ్రవరి 2025

వదినకి,

నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉత్తరం రాసే మనిషిని ఈ హాస్టల్లో నేనొక్కదాన్నే. ఏం చెయ్యను, అన్నయ్య ఆజ్ఞ. "ఫోను నంబరుకి ఆధార్ లింకయ్యి ఉన్నాది. ఆధార్‌కి పింఛను లింకయ్యి ఉన్నాది. ఉద్యోగం మాట ఫోన్లో ఎత్తినావంటే సచివాలయంలో తెలిసిపోతాది" అని బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని చెబుతూనే ఉన్నాడు. డిగ్రీ చదివినదాన్ని కదా, అలా ఎక్కడైనా ఉంటుందా అని నవ్వాను. తీరా అమ్మ ఫోను చేసేసరికి నాకూ అదే భయం పట్టుకుంది. తిన్నావా అంటే తిన్నాను, ఎండగా ఉందా అంటే ఉంది, అంతవరకే మాట్లాడాను. అందుకని అసలు కబుర్లన్నీ కాగితం మీద. నీకే రాస్తున్నాను, ఎందుకంటే అమ్మకి చదివి వినిపించేది నువ్వు, ఏది చదవాలో ఏది మింగాలో నీకు తెలుసు.

పని బాగుంది. మందుల ఫ్యాక్టరీలో మాత్రల అట్టలు బెల్టు మీద వరసగా వస్తూంటాయి. ఖాళీ గుంట ఉన్నదీ, విరిగిన మాత్ర ఉన్నదీ చూసి పక్కకి తీసెయ్యాలి. కూర్చుని చేసే పని. అందరూ కూర్చునే చేస్తారు, నా ఒక్కదానికోసం కుర్చీ వెయ్యలేదు. అది నాకు ఎంత బాగుందో చెప్పలేను వదినా. మోకాలి మీద చెయ్యి ఆన్చుకుని నేను లేచేదాకా నా కాలు సంగతి ఎవరికీ గుర్తు రాదు. మా లైను చూసే హర్షిత గారు మొదటి రోజే "నీ కళ్ళు మంచివి" అన్నారు. నా ఒంట్లో ఏదో ఒకటి మంచిదని ఒకళ్ళు చెప్పడం ఇదే మొదలు.

ప్రస్తుతం కాంట్రాక్టరు కింద ఉన్నాను, కంపెనీ రోల్లోకి, అంటే వాళ్ళ సొంత ఉద్యోగుల లెక్కలోకి, ఇంకా తీసుకోలేదు. జీతం చేతికిస్తారు, పేరు ఏ కంప్యూటర్లోనూ ఎక్కదు. అన్నయ్యకి ఆ మాట చెప్పు, నిద్ర పడుతుంది. ఒకటో తారీకు పొద్దున్నే మన గడపలో ఉంటాను. వార్డు సచివాలయం అమ్మాయి నా వికలాంగుల పింఛను పట్టుకొచ్చే వేళకి నా వేలు అక్కడ ఉండాలి కదా. వీధిలో అడిగితే శ్రీకూర్మంలో చుట్టాలింట్లో ఉన్నానన్న మాట మీదే ఉండండి.

నీ ఆయాసం తగ్గిందా? తగ్గిందని అబద్ధం రాయకు.

నీ ఆడపడుచు
యమున

*

సాలూరు,
19 ఫిబ్రవరి

యమునా,

"ఈ కాలంలో ఉత్తరాలేటమ్మా, కోర్టు కేసా?" అని పోస్టుమేన్ అడిగాడు. అవునన్నాను. ఇక ప్రతిసారీ జాలిగా చూసి ఇస్తాడు.

మీ అన్నయ్య భయాన్ని చూసి నవ్వకు. లారీకి ఆ జీపీఎస్ ఏదో బిగించిన దగ్గర్నుంచి ఓనరు ఇక్కడ సాలూరులో కూర్చుని, రాయగడ దాటిన మనిషికి ఫోను చేసి "టీ కొట్టు కాడ ఇంతసేపు ఏటి సేస్తన్నావు?" అని అడుగుతున్నాడు. అలాంటి మనిషికి ఫోనంటే భయం ఉండదా మరి. నాకూ కొంచెం ఉంది, చెప్పొద్దూ.

మీ అమ్మ సంగతి విను. శ్రీకూర్మంలో ఉన్నావని మాత్రమే చెప్పమన్నావు. అత్త అక్కడ ఆగితేనా. "మా యమున కూర్మనాథుడికి మొక్కుకున్నాది, కాలు బాగవ్వాలని గుడికాడే ఉండి సేవ సేస్తన్నాది" అని కుళాయి దగ్గర చెప్పేసింది. ఇప్పుడు వీధి వీధంతా ప్రసాదం కోసం ఎదురు చూస్తున్నారు. తీసుకురా. శ్రీకూర్మం వెళ్ళి తెస్తావో, విజయనగరంలో బస్సు మారేచోట మిఠాయి కొట్లో కొంటావో నీ ఇష్టం, నేను అడగను. ఇంకో సంగతి, వచ్చినప్పుడు మరీ చలాకీగా నడవకు, దేవుడు పని చేశాడని ఊరంతా శ్రీకూర్మం బయల్దేరుతారు.

నా ఆయాసం మాటా? మొన్న మన వార్డులో డాక్టర్ల క్యాంపు పెట్టారు. అత్త లాక్కెళ్ళింది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గ్యాస్ అండి అన్నాను. గ్యాస్ కాదమ్మా, విశాఖపట్నం వెళ్ళి చూపించుకోండి అన్నాడు. మీ అన్నయ్య రాయపూర్ లోడు దించి వచ్చాక వెళ్తాం. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా, దాని కోసం నువ్వు బెంగపడకు.

ఒకటో తారీకు మాత్రం తప్పకుండా రా.

పద్మకుమారి

*

రణస్థలం,
6 మార్చి

వదినా,

ఒక మాట రాస్తాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఫరవాలేదు, దాచుకోకు.

మొన్న ఒకటిన రెండు బస్సులు మారి వచ్చానా. బేగు భుజం మీంచి దించనైనా లేదు, "ముందు వేలు, తర్వాత టీ" అన్నావు. సచివాలయం సుహాసిని గుమ్మంలో వేలిముద్ర మిషను పట్టుకుని నిలబడి ఉంది, నిజమే. అయినా ఆ మాట నాకు తగిలింది. ఇల్లంతా నా వేలి కోసం ఎదురు చూసినట్టుంది గానీ నా కోసం కాదనిపించింది.

ఆ వేలు కూడా ఏం చేసిందో చూశావుగా. ఇక్కడ లోపలికి వెళ్ళిన ప్రతిసారీ చేతులకి స్పిరిటు రాసుకుంటాం, పైన గ్లౌజులు. వేళ్ళ చివర్లు అరిగి నున్నగా అయిపోయాయి. మిషను గుర్తు పట్టనంటోంది. నువ్వు కొబ్బరి నూనె రాసి, పమిటతో రుద్ది, మళ్ళీ పెట్టిస్తే గానీ అది ఒప్పుకోలేదు. "గుడి సేవలో వేళ్ళు ఇలాగైపోతాయా?" అని సుహాసిని అడిగినప్పుడు అమ్మ "ముగ్గులమ్మా, రోజూ ముగ్గులే" అంది. అమ్మకి అబద్ధం ఎంత సులువుగా వస్తుందో నాకు ఇన్నేళ్ళూ తెలీదు. లడ్డూలు మాత్రం విజయనగరంవి. సుహాసిని ఒకటి నెమ్మదిగా తిని, నా వైపు చూసి, ఇంకోటి తీసుకుంది.

అసలు అడగాలనుకున్నది వేరు. నువ్వు కుళాయి నుంచి వస్తూ మధ్యలో అరుగు మీద కూలబడ్డావు. అమ్మ పరిగెత్తి బిందె అందుకుంది. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి శుభవార్తే అయితే, నాకు చెప్పకుండా ఎలా ఉన్నారు మీరంతా? ఎన్నో నెల? ఉద్యోగానికి వెళ్ళిపోయినంత మాత్రాన బయటిదాన్ని అయిపోయానా?

యమున

*

సాలూరు,
17 మార్చి

యమునా,

నెల కాదు, వాల్వు.

విశాఖపట్నం వెళ్ళాం. చిన్నప్పుడెప్పుడో కీళ్ళ జ్వరం వచ్చిందట నాకు, మా నాన్నకి కూడా గుర్తు లేదు. అది గుండెలో ఒక తలుపుని బిరుసెక్కించి పోయిందట. ఆ తలుపు తీసి కొత్తది పెట్టాలి. అది అయ్యేదాకా పిల్లల మాట ఎత్తొద్దన్నారు. అందుకే నీకు చెప్పలేదు. నువ్వు శుభవార్త అనుకుని రాసిన ముక్క చదివి నేను చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయాను. నీ తప్పేం లేదులే.

ఆపరేషను ఆరోగ్యశ్రీలో చేస్తారు. జులై అన్నారు, ముందు ఫోను చేస్తారట. కార్డు లేకపోతే మాత్రం లారీ తోలుకునే మనిషి తాహతు కాదు, అది అక్కడ బల్ల దగ్గర కూర్చున్నాయనే చెప్పాడు. మీ అన్నయ్య ఇంటికి వచ్చి కార్డు తీసి దేవుడి గూట్లో పెట్టాడు.

ఇంక విను. ఆసుపత్రి వరండాలో ఒకావిడ చెప్పింది, వాళ్ళబ్బాయికి ఉద్యోగం రాగానే వీళ్ళ పింఛను పోయిందట, దాంతోపాటు అన్నీ పోయాయట. "పింఛను, బియ్యం, ఆసుపత్రి అన్నీ ఒకే తాడుకి కట్టేసి ఉంటాయమ్మా, ఒకటి లాగితే అన్నీ ఊడొస్తాయి" అంది. మన కార్డులో నలుగురం ఉన్నాం. నీ పేరూ అందులోనే ఉంది. మీ అన్నయ్య దారి పొడుగునా ఒకటే మాట, "యమున్ని మానిపించెయ్యాలి." నేనే ఆపాను. చేతి జీతమే కదా, ఎక్కడా ఎక్కదు కదా అన్నాను. కంపెనీ రోల్లోకి మాత్రం జులై దాటాక వెళ్ళు, అంతకుముందు వద్దు.

టీ గురించి. మిషనుకి చార్జింగు అయిపోతోందని సుహాసిని తొందరపెట్టింది. అవతల పాలు పొంగుతున్నాయి. నాకు ఆయాసం వస్తోంది. ఇవన్నీ చెప్పుకుంటే సాకుల్లా ఉంటాయి. నీకలా తోచిందంటే తోచింది. వేలి కోసమే నిన్ను రమ్మంటానని మనసులో పెట్టుకోకు.

పద్మ

*

రణస్థలం,
13 ఏప్రిల్

వదినా,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదివాను. పక్కనమ్మాయి ఏమైందని అడిగితే మా వదిన గుండె అని కాగితం మడిచేశాను. నీ ఆయాసాన్ని నెల తప్పడం అనుకుని నేను నిష్ఠూరంగా రాసిన మాటలు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఏప్రిల్ ఒకటికి రాలేదని అలిగాననుకోకు. సంవత్సరాంతం లెక్కలని ఎవరికీ సెలవివ్వలేదు. ఆ నెలది మేలో కలిపి ఇస్తారని సుహాసినే చెప్పింది కదా.

ఇప్పుడు సంగతి. మే నుంచి కాంట్రాక్టరు ఉండడు. ఉన్నవాళ్ళని కంపెనీయే రోల్లోకి తీసుకుంటోంది. జులై దాకా ఆగుతానంటే కుదరదు, రోల్లోకి వెళ్ళాలి, లేదా బయటికి. నీ మాట దాటకూడదని హర్షిత గారి దగ్గరికి మానేస్తానని చెప్పడానికే వెళ్ళాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. రోల్లోకి వస్తే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, వస్తుంది, అది నాకొక్కదానికే కాదు, కుటుంబానికంతటికీ. గుండె ఆపరేషన్లు కూడా పెద్దాసుపత్రికి పంపించి చేయిస్తారట. మా లైన్లోనే ఒకమ్మాయి వాళ్ళమ్మకి చేయించింది.

అక్కడికక్కడే సంతకం పెట్టేశాను వదినా. నిన్ను అడగలేదు. అడిగితే ఉత్తరం వెళ్ళి వచ్చేలోపు ఉద్యోగం పోయేది. కుటుంబ సభ్యుల పేర్లు రాయమన్న చోట అమ్మ పేరు రాశాను, కింద నీ పేరు రాశాను. నా పింఛను పోతే పోనీ. కార్డు మీద భయంతో బతకక్కర్లేదు, నా కంపెనీ తరఫున నీ ఆపరేషను నేను చేయిస్తాను. ఈ వాక్యం రాస్తుంటే నాకెంత గర్వంగా ఉందో నీకు తెలీదు. ఇంట్లో అందరూ నా కోసం ఏదో ఒకటి చెయ్యడమే గానీ నేను చెయ్యడం ఎప్పుడుంది?

అమ్మదీ నీదీ ఫోటో వెంటనే పంపించు. ఇద్దరూ కలిసి ఉన్నది ఒకటి చాలన్నారు.

యమున

*

సాలూరు,
24 ఏప్రిల్

యమునా,

ఫోటో ఇందులో పెట్టాను. మడత పడకుండా అట్టముక్క అడ్డం వేశాను. స్టూడియో అబ్బాయి దగ్గరగా జరగమంటే అత్త "ఇంతకన్నా దగ్గరైతే నేను సచ్చిపోతాను, దీనికి మోసేతులు ఎక్కువ" అంది. అందుకే ఇద్దరం నవ్వుతున్నాం. ఆఫీసు కాగితాలకి నవ్వకూడదంటే చెప్పు, మళ్ళీ దిగుతాం.

ఒకటికి రాకపోతే అలిగావనే అనుకున్నాను. సెలవు లేదన్నావు, నమ్ముతాను.

మీ అన్నయ్య మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాడు. "కార్డు పోయి, కంపెనీ మొండిచెయ్యి సూపిస్తే అప్పుడేటి సేస్తాది?" అన్నాడు. నేను నీ వైపే మాట్లాడాను. మన యమున చదువుకున్న పిల్ల, అడక్కుండా చెయ్యదు అన్నాను. జులై మొదటి వారంలో రమ్మని మొన్న విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. అప్పటికి నీ కంపెనీ కార్డు వస్తే అందులోనే చేయించుకుంటానని మీ అన్నయ్యతో చెప్పేశాను. చెప్పులేసుకుని అలాగే లోడుకి వెళ్ళిపోయాడు.

నీకు ఇంకో మాట చెప్పాలి. నా పేరు అడక్కుండానే రాశావని చదివి, అత్త చూడకుండా ఏడ్చాను. సంతోషంతోనే. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, నీకు తెలుసు కదా.

మే ఒకటికి రా. లడ్డూలు తగ్గించు, వీధిలో అందరికీ షుగరు.

పద్మ

*

రణస్థలం,
15 జూన్

వదినా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలీక మూడు రోజులు జాప్యం చేశాను.

ఈఎస్ఐ కార్డు వచ్చింది. అందులో అమ్మ పేరు ఉంది. నీ పేరు లేదు. ఆఫీసులో కాగితాలు చూసే నారాయణమూర్తి గారిని అడిగాను. "తల్లిదండ్రులు, భర్త, పిల్లలమ్మా, వదిన కుటుంబంలోకి రాదు" అన్నాడు. మా మేనమామ కూతురండి, మా అన్నయ్య భార్య, ఎటు నుంచి చూసినా వదినే అన్నాను. "ఎటు నుంచి చూసినా రాదమ్మా" అన్నాడు. కసురుకోలేదు పాపం, మెల్లగానే చెప్పాడు. మీ ఫోటోని మధ్యకి కత్తిరించారు. అమ్మ ఉన్న సగం కాగితానికి అంటించుకుని, నువ్వు ఉన్న సగం నాకు తిరిగి ఇచ్చేశారు. నా పర్సులో ఉంది. నువ్వు ఎవరిని చూసి నవ్వుతున్నావో ఇప్పుడు అందులో తెలీదు.

ఒక్కసారి ఆలోచించు. రేషను కార్డు లెక్కలో మనం నలుగురం ఒకే కుటుంబం, అందుకని నా జీతం నీ నెత్తి మీద పడుతుంది. కంపెనీ లెక్కలో నువ్వు నాకు ఏమీ కావు, అందుకని నా కార్డు నీకు పనికి రాదు. నా పేరు ఇప్పుడు పీఎఫ్‌లో ఎక్కింది, అది సర్కారుకి తెలియకుండా ఉండదు. ఏ రోజున మన కార్డు ఊడుతుందో, అది జులైకి ముందా వెనకా, ఎవరు చెప్పగలరు? అన్నయ్య అన్నదే నిజమయ్యేలా ఉంది. పోయిన రెండుసార్లూ వచ్చినప్పుడు అన్నయ్య నాతో మాట్లాడలేదు. కంచం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళి తిన్నాడు.

అందుకని మానేస్తున్నట్టు నిన్న రాసి ఇచ్చేశాను. కొత్తగా చేరినదాన్ని కాబట్టి ఇరవయ్యో తారీకుకే వదిలేస్తారట. కారణం అడిగితే ఇంట్లో బాగోలేదన్నాను. హర్షిత గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, నీ కళ్ళు మంచివమ్మా అని మళ్ళీ అన్నారు. ఆ కుర్చీ వదలాలంటే నాకు చాలా బాధగా ఉంది వదినా. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను.

నువ్వు ఆపరేషను మన పాత కార్డు మీదే చేయించుకో. విశాఖపట్నానికి జులై అనే చెప్పు. నేను వచ్చేస్తే ఇంటి లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

యమున

*

సాలూరు,
16 జూన్

యమునా,

ఈపాటికి నీ కంపెనీ కార్డు వచ్చి ఉంటుంది, వివరం నీ ఉత్తరంలో చూస్తాను. ఈలోపు నేనొక పని చేశాను. కూర్చుని చదువు.

జూన్ ఒకటి ఆదివారమని ముందు రోజే పింఛను ఇచ్చారు కదా. నువ్వు బస్సుకి వెళ్ళాక సుహాసిని మళ్ళీ మన వీధిలోకి వచ్చింది. అత్త లడ్డూ ఇవ్వబోతే నవ్వి, "మాది శ్రీకూర్మమేనండి, మా గుడి ప్రసాదం రుచి నాకు తెలీదా?" అంది. అత్త మొహం చూడాలి నువ్వు. మొదటి నెల నుంచీ తెలుసట ఆ పిల్లకి. మరి అడగలేదేం అంటే, "యేలు ఆవిడిదే, మనిషి ఎదురుగుండా ఉన్నాది, ప్రసాదం ఎక్కడిదో నాకెందుకు" అంది.

ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. మొన్న శుక్రవారం ఉండబట్టలేక సచివాలయానికి వెళ్ళాను. గుండె కోయించుకోబోయే ముందు దాని మీద ఈ అబద్ధం బరువు ఎందుకు అనిపించింది. నీ ఉద్యోగం, రోల్లోకి వెళ్ళడం, నా వాల్వు, అన్నీ చెప్పేశాను. సుహాసిని కంప్యూటర్లో చూసి, పైవాళ్ళకి ఫోను చేసి అడిగి చెప్పింది. "పింఛనూ ఆరోగ్యశ్రీ ఒకటి కాదక్కా. ఇంటి ఆదాయం గీత దాటితే పింఛను ఆగిపోతాది, అది నిజమే. ఆసుపత్రి కార్డుకి గీత యేరు, అది సానా పైన ఉన్నాది. మీ నలుగురూ పగలూ రేత్రీ కష్టపడినా అక్కడికి సేరలేరు." ఎవరో వరండాలో చెప్పిన మాట పట్టుకుని మనం ఇన్నాళ్ళు ఒక తాడుకి భయపడ్డాం. ఆ తాడు లేనే లేదు.

అందుకని నీ ఉద్యోగం సంగతి కాగితం మీద రాయించి ఇంటి పెద్దగా అత్త చేత వేలిముద్ర వేయించి ఇచ్చేశాను. నీ పింఛను ఇక రాదు. నిన్ను అడగలేదు. నువ్వూ ఏప్రిల్‌లో నన్ను అడక్కుండానే సంతకం పెట్టావు కదా, చెల్లుకి చెల్లు. మీ అన్నయ్యకి రాయపూర్‌కి ఫోను చేసి చెబితే "ఫోన్లో ఎందుకు సెప్పినావు?" అని మొదట కంగారు పడ్డాడు, తర్వాత చాలాసేపు నవ్వాడు. నీతో మాట్లాడతానన్నాడు.

ఇక మొక్కులు లేవు, నూనె రాయడాలు లేవు. నీ కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చో. నిన్ను చూస్తే నాకు గొప్పగా ఉంది.

పద్మ

*

రణస్థలం,
21 జూన్

వదినా,

మన ఉత్తరాలు రెండూ విజయనగరంలో ఎక్కడో ఒకే గదిలో ఉండి ఉంటాయి. నాది నీకు చేరే ఉంటుంది, నీది నాకు చేరింది. నన్ను నిన్ననే వదిలేశారు.

నీ ఉత్తరం పట్టుకుని ఈ ఉదయం గేటు దగ్గరికి వెళ్ళాను. హర్షిత గారు బయటికి వచ్చారు. నా కుర్చీలో కొత్త అమ్మాయిని వేసేశారు. రోల్లో ఇక ఖాళీ లేదు, ఆగస్టులో కొత్త కాంట్రాక్టరు వస్తే చేతి జీతం మీద మళ్ళీ మొదటి నుంచి చూద్దామన్నారు. ఉద్యోగం ఉందని పింఛను పోయింది, పింఛను పోయే వేళకి ఉద్యోగమూ లేదు. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. నువ్వు రాయపూర్‌కి ధైర్యం చేసి ఫోను చేశావు గానీ రణస్థలానికి చెయ్యాలని తోచలేదు. నాకూ తోచలేదు, ఇది రాస్తున్న వేళకి గానీ.

నీ మీద కోపం వచ్చింది, దాచను. బస్టాండులో కూర్చున్నంతసేపూ ఉంది. తర్వాత, నేను వదిలింది నీ కోసం, నువ్వు చెప్పింది నా కోసం అని గుర్తొచ్చి, ఎవరి మీద పడాలో తెలీక ఆ కోపం పోయింది. ఏడుపు మాత్రం మిగిలింది.

సోమవారం వచ్చేస్తున్నాను. జులైలో ఆసుపత్రిలో నీ పక్కన ఎవరుంటారని అమ్మ బెంగపడుతోంది కదా. నేనుంటాను. నాకు వేరే పనేం లేదు.

యమున

*

సాలూరు,
22 ఆగస్టు

యమునా,

ఇప్పుడు రోజూ ఫోన్లోనే మాట్లాడుకుంటున్నాం, మీ అన్నయ్యయితే ఒడిశా ఘాటు రోడ్డు మీంచి నీ జీతం సంగతి అరిచి మరీ అడుగుతున్నాడు. అయినా ఇది నోటితో చెప్పలేక రాస్తున్నాను.

నేను బాగున్నాను. కుళాయి దాకా వెళ్ళి మధ్యలో కూర్చోకుండా వచ్చాను. బిందె మాత్రం అత్త ముట్టుకోనివ్వడం లేదు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు లోపల కొత్త తలుపు టిక్కు టిక్కుమంటుంది. అత్త మొదట్లో గడియారం అనుకుని గోడ మీద వెతికింది.

ఆసుపత్రిలో నువ్వు నా మంచం కింద చాప మీద ఉన్న రోజులు మర్చిపోను. మోకాలి మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కి దిగి మందులు తెచ్చావు. పేషెంటుకి ఏమవుతావని నర్సు అడిగితే ఆడపడుచునన్నావు. అది కంప్యూటర్లో లేదంది. అయితే చెల్లెలని రాసుకోండి అన్నావు. నాకు మత్తు పూర్తిగా వదల్లేదు గానీ ఆ మాట విన్నాను.

నీ పింఛను గురించి సుహాసినిని మళ్ళీ అడిగాను. పని లేనప్పుడు మళ్ళీ పెట్టుకోవచ్చట, ఎప్పుడు మంజూరవుతుందో తను చెప్పలేనంది. నువ్వేమో చేతి జీతం మీద మళ్ళీ చేరావు. ఆ సంగతి కూడా రాసుకోమన్నాను, నువ్వే రాయించమన్నావు కదా. ఈసారి రోల్లోకి పిలిస్తే ఎవరినీ అడక్కు, ఎవరికోసమూ ఆగకు.

రాయాలనుకున్నది ఇది. జులై ఒకటిన విశాఖపట్నం ప్రయాణం హడావిడి, ఆగస్టు ఒకటిన మాత్రం నువ్వు ఇంట్లోనే ఉన్నావు. పొద్దున్నే లేచి వేలికి కొబ్బరి నూనె రాసుకుని గడపలో కూర్చున్నావు. అలవాటు మరి. సుహాసిని మిషను పట్టుకుని వచ్చింది, నిన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, తలవంచుకుని మన గడప దాటి పక్కింటికి వెళ్ళిపోయింది. నువ్వు వేలు చున్నీకి తుడుచుకున్నావు. ఎవరూ చూడలేదనుకున్నావు. నేను మంచం మీంచి చూశాను. లేచి నీకొక గ్లాసు టీ పెట్టి ఇద్దామంటే నన్ను లేవొద్దన్నారు. ఆ రోజు నుంచీ అదే నన్ను పీకుతోంది.

సెప్టెంబరు ఒకటి సోమవారం. సెలవు అడుగు. నీ పర్సులో ఉన్న నా సగం ఫోటో కూడా తీసుకురా, స్టూడియోకి వెళ్ళి ముగ్గురం దిగుదాం. లడ్డూలు వద్దు. ఆ రోజు నీ వేలితో ఎవరికీ పని లేదు. నువ్వు బేగు దించేలోపు టీ నీ చేతిలో ఉంటుంది.

మీ అక్క
పద్మ